ప్రాసెసర్ వోల్టేజీ సవరణ: నిలకడైన ఓవర్‌క్లాకింగ్

నిర్వచనం

ప్రాసెసర్ కోర్లకు అందే వోల్టేజీని తయారీదారు నిర్ణయించిన విలువ నుంచి కావాలని పెంచడాన్ని, తగ్గించడాన్ని ప్రాసెసర్ వోల్టేజీ సవరణ అంటారు. ప్రాసెసర్‌ను ప్రకటిత వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం ఓవర్‌క్లాకింగ్. వేగం కొంత మేరకే పెంచితే పాత వోల్టేజీ సరిపోతుంది. ఆపైన వోల్టేజీ కూడా పెంచక తప్పదు. అలా పెంచిన వేగంలో లెక్క తప్పకుండా, హ్యాంగ్ కాకుండా, తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ప్రాసెసర్ ఏ పనినైనా గంటల తరబడి చేయగలిగితే దాన్ని నిలకడైన ఓవర్‌క్లాక్ అంటారు.

కోర్లకు అందే ఈ వోల్టేజీకి వాడుకలో వీకోర్ అని పేరు. ఇప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇది పని లేనప్పుడు 1 వోల్టు లోపు, పూర్తి లోడ్‌లో సుమారు 1.1 నుంచి 1.4 వోల్టుల మధ్య ఉంటుంది. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీని కంప్యూటర్ పవర్ సప్లై అయిన ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఆ 12 వోల్టులను మదర్‌బోర్డు మీది వోల్టేజీ రెగ్యులేటర్ వీకోర్ స్థాయికి దించుతుంది. సవరణ జరిగేది ఈ చివరి దశలోనే. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో దీన్ని 0.005 వోల్టు చొప్పున మార్చుకోవచ్చు. వోల్టేజీకి పైహద్దు పెట్టేవి రెండు: సిలికాన్ తట్టుకోగల స్థాయి, వేడిని బయటికి పంపగల స్థాయి. తిరుపతి, చిత్తూరు వంటి ఎండ ప్రాంతాల్లో సాధారణంగా రెండోదే ముందు అడ్డు తగులుతుంది (చూ. దక్షిణ రాయలసీమ పరిస్థితులు).

పని తీరు

ప్రాసెసర్‌లోని పనులన్నీ క్లాక్ స్పందనలను అనుసరించి సాగుతాయి. 4 గిగాహెర్ట్జ్ వేగంలో ఒక స్పందనకూ మరో స్పందనకూ మధ్య వ్యవధి 0.25 నానోసెకండు, 5 గిగాహెర్ట్జ్ వేగంలో అది 0.20 నానోసెకండు. ఒక స్పందనలో బయలుదేరిన సంకేతం ట్రాన్సిస్టర్ల వరసలన్నీ దాటి, తరువాతి స్పందన వచ్చేలోగా గమ్యం చేరి స్థిరపడాలి. వీటిలో అన్నిటికంటే పొడవైన దారి, అంటే సంకేతానికి ఎక్కువ సమయం పట్టే దారి, ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని నిర్ణయిస్తుంది. వేగం పెంచడమంటే ఆ వ్యవధిని కుదించడం. సంకేతం చేరకముందే స్పందన వచ్చేస్తే 1 ఉండాల్సిన చోట 0 నమోదవుతుంది. ఓవర్‌క్లాక్‌లో కనిపించే లోపాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

వోల్టేజీ పెరిగితే ట్రాన్సిస్టర్‌లో ప్రవహించే కరెంటు పెరుగుతుంది, దాని తరువాతి ట్రాన్సిస్టర్ గేటు త్వరగా నిండుతుంది, సంకేతం ముందుగా చేరుతుంది. ట్రాన్సిస్టర్ తెరుచుకునే ప్రారంభ వోల్టేజీ కంటే సరఫరా వోల్టేజీ ఎంత ఎక్కువగా ఉంటే మారడం అంత వేగంగా జరుగుతుంది. అయితే ఈ లాభం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. మొదటి 0.05 వోల్టుకు దక్కిన వేగం తరువాతి 0.05 వోల్టుకు దక్కదు. దీనికి వేడి తోడవుతుంది. సాధారణ పని వోల్టేజీల దగ్గర సిలికాన్ వేడెక్కితే ట్రాన్సిస్టర్లు నెమ్మదిస్తాయి కాబట్టి, 60 డిగ్రీల దగ్గర తప్పు చేయని ప్రాసెసర్ అదే వోల్టేజీలో 90 డిగ్రీల దగ్గర తప్పు చేయవచ్చు.

విద్యుత్ వ్యయం, వేడి

ప్రాసెసర్లలో ఉండే సీమాస్ రకం సర్క్యూట్ పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి అనులోమంగానూ, వోల్టేజీ వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచితే ఖర్చు 10 శాతం పెరుగుతుంది. వోల్టేజీ 10 శాతం పెంచితే 21 శాతం పెరుగుతుంది. రెండూ కలిస్తే పెరుగుదల 33 శాతం. ఇది కాక లీకేజీ ఉంటుంది. ట్రాన్సిస్టర్ మూసి ఉన్నప్పుడు కూడా కారిపోయే ఈ కరెంటు వోల్టేజీతోనూ, ఉష్ణోగ్రతతోనూ పెరుగుతుంది. వేడి వల్ల లీకేజీ, లీకేజీ వల్ల మరింత వేడి పుడతాయి. హీట్‌సింక్ చాలకపోతే ఇవి ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

చాలా ప్రాసెసర్లకు గరిష్ఠ ఉష్ణోగ్రత 90 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ మధ్య నిర్ణయిస్తారు. ఆ హద్దును తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. దీన్ని థ్రాట్లింగ్ అంటారు. థ్రాట్లింగ్ జరుగుతున్న ఓవర్‌క్లాక్ క్రాష్ కాకపోయినా ప్రయోజనం లేనిదే. పెంచామనుకున్న వేగం అప్పటికే చేజారిపోయి ఉంటుంది.

చరిత్ర

1980లలో వేగం మార్చాలంటే మదర్‌బోర్డు మీది క్వార్ట్జ్ క్రిస్టల్‌ను మార్చేవారు. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ కంప్యూటర్ 6 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. వినియోగదారులు దానికి వేరే క్రిస్టల్ అమర్చి వేగం పెంచుకున్నారు. అప్పటి ప్రాసెసర్లన్నీ 5 వోల్టులతో పనిచేసేవి. దాన్ని సవరించే ఆలోచన కానీ అవసరం కానీ లేదు.

ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గించినప్పుడు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి మారదని రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో సూత్రీకరించారు. 1990ల ప్రాసెసర్లు ఆ బాటలోనే నడిచాయి. 1993 నాటి మొదటి పెంటియమ్‌కు 5 వోల్టులు, ఆ తరువాతి పెంటియమ్‌లకు 3.3, పెంటియమ్ ఎంఎంఎక్స్ కోర్‌కు 2.8, 1998 నాటి పెంటియమ్ 2కు 2.0 వోల్టులు అవసరమయ్యాయి. ప్రాసెసర్ ప్రాసెసర్‌కూ వోల్టేజీ మారుతుండడంతో మదర్‌బోర్డుల మీద దాన్ని ఎంచుకునే జంపర్లు వచ్చాయి. ఓవర్‌క్లాకింగ్ చేసేవారికి వోల్టేజీ అందుబాటులోకి వచ్చింది ఈ జంపర్ల ద్వారానే.

1998 ఈ రంగంలో మలుపు. ఆ ఏడాది ఆగస్టులో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ 66 మెగాహెర్ట్జ్ బస్సు (మదర్‌బోర్డు మూల క్లాక్) మీద 4.5 గుణకంతో (ఆ క్లాక్‌ను ప్రాసెసర్ హెచ్చించుకునే సంఖ్యతో) 300 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. బస్సును 100 మెగాహెర్ట్జ్‌కు మార్చితే అదే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్ అందుకునేది. కొన్ని చిప్‌లు 2.0 వోల్టుల దగ్గరే ఆ వేగానికి నిలిచేవి, మరికొన్నిటికి 2.1, 2.2 వోల్టుల దాకా ఇవ్వాల్సి వచ్చేది. అదే ఏడాది వచ్చిన ఏబిట్ బీహెచ్6 మదర్‌బోర్డు కోర్ వోల్టేజీని జంపర్లతో పని లేకుండా బయోస్ తెర మీదే మార్చుకునే వీలు కల్పించింది. ఒకే పెట్టెలో వచ్చిన రెండు చిప్‌లు ఒకే వేగానికి వేరువేరు వోల్టేజీలు కోరతాయని సామాన్య వినియోగదారులకు అప్పుడు అనుభవమైంది.

2000 జనవరిలో ఇంటెల్ స్పీడ్‌స్టెప్ పేరుతో ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ మార్పును స్వయంచాలకం చేసింది. మొబైల్ పెంటియమ్ 3 ప్లగ్గుకు కలిపి ఉన్నప్పుడు 650 మెగాహెర్ట్జ్ వేగంతో 1.6 వోల్టుల దగ్గర, బ్యాటరీ మీద 500 మెగాహెర్ట్జ్ వేగంతో 1.35 వోల్టుల దగ్గర పనిచేసింది. అవసరాన్ని బట్టి వేగాన్ని, వోల్టేజీని కలిపి మార్చే ఈ పద్ధతి నేడు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంది. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైన రెడ్‌మీ 2 ప్రైమ్ ఫోన్‌ను సత్యవేడు ప్రాంతంలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం తయారు చేసింది. అందులోని 1.2 గిగాహెర్ట్జ్ స్నాప్‌డ్రాగన్ 410 చిప్ కూడా పని తగ్గగానే వేగం, వోల్టేజీ రెండూ దించుకునేదే.

2005 ప్రాంతంలో డెన్నార్డ్ సూత్రం ఆగిపోయింది. లీకేజీ పెరగడంతో వోల్టేజీని 1 వోల్టు కంటే పెద్దగా తగ్గించడం సాధ్యపడలేదు. వేగం పెంపు మందగించి, కోర్ల సంఖ్య పెరగసాగింది. 2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో బస్సు వేగం దాదాపు స్థిరపడిపోయి, పేరు చివర కే అక్షరం ఉన్న రకాల్లో మాత్రమే గుణకాన్ని స్వేచ్ఛగా మార్చే వీలు మిగిలింది. 2017 మార్చిలో మొదలైన ఏఎమ్‌డీ రైజెన్ శ్రేణిలో మొదటి తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లన్నిటికీ గుణకం తెరిచే ఉంచారు. విడ్డూరమైన ప్రయోగాలు వేరే దారిలో సాగాయి. 2022 డిసెంబరులో ద్రవ హీలియంతో చల్లబరిచిన కోర్ ఐ9-13900కే ప్రాసెసర్ 9 గిగాహెర్ట్జ్ దాటింది. అది కొద్ది క్షణాల రికార్డు. రోజువారీ నిలకడకు దాని నుంచి నేర్చుకునేది తక్కువ.

లోడ్‌లైన్, వోల్టేజీ పతనం

బయోస్‌లో పెట్టిన వోల్టేజీ, పూర్తి లోడ్‌లో కోర్లకు అందే వోల్టేజీ ఒకటి కావు. కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజీ కొంత దిగేలా రెగ్యులేటర్లను ఉద్దేశపూర్వకంగానే రూపొందిస్తారు. ఈ వాలును లోడ్‌లైన్ అంటారు. ప్రాసెసర్ 130 వాట్లు ఖర్చు చేస్తూ 1.30 వోల్టుల దగ్గర ఉంటే అది తీసుకునే కరెంటు 100 ఆంపియర్లు. లోడ్‌లైన్ 1 మిల్లీ ఓమ్ అయితే 100 ఆంపియర్లకు 0.10 వోల్టు పడిపోతుంది, 1.30 పెట్టిన చోట కోర్లకు అందేది 1.20 మాత్రమే. పని లేనప్పుడు బాగున్న కంప్యూటర్ వీడియో రెండర్ మొదలుపెట్టగానే బ్లూ స్క్రీన్ చూపడానికి తరచు ఇదే కారణం.

ఈ పతనాన్ని తగ్గించే బయోస్ ఎంపికకు లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అని పేరు. వాలును 0.3 మిల్లీ ఓమ్‌కు తగ్గిస్తే పై ఉదాహరణలో కోర్లకు 1.27 వోల్టులు అందుతాయి. దీన్ని గరిష్ఠ స్థాయిలో పెట్టడం మాత్రం మంచిది కాదు. లోడ్ ఒక్కసారిగా తొలగిపోయినప్పుడు రెగ్యులేటర్ సర్దుకునే లోపు, మైక్రోసెకండ్ల పాటు, వోల్టేజీ పెట్టిన విలువను దాటి పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడు ఎంతుందో సాఫ్ట్‌వేర్ మీటర్లకు చిక్కదు, ఆసిలోస్కోపు కావాలి. లోడ్‌లైన్ వాలు ఉన్నది ఈ ఎగురుడుకు చోటు ఉంచడానికే. అందువల్ల మధ్య స్థాయి ఎంచుకుని, పూర్తి లోడ్‌లో కొలిచిన విలువనే అసలు వోల్టేజీగా పరిగణించడం సరైన పద్ధతి.

సవరణ రకాలు

స్థిర పద్ధతిలో వీకోర్ ఎల్లప్పుడూ ఒకే విలువలో ఉంటుంది. నిలకడను పరీక్షించేటప్పుడు ఇది అనుకూలం, ఎందుకంటే మారే అంశం ఒకటి తగ్గుతుంది. పని లేనప్పుడూ అదే వోల్టేజీ ఉండడం దీని లోపం. ఆఫ్‌సెట్ పద్ధతిలో ప్రాసెసర్ తానే కోరే ప్రతి విలువకూ ఒక స్థిర మొత్తాన్ని కలుపుతారు లేదా తీసేస్తారు. వేగం తగ్గినప్పుడు వోల్టేజీ కూడా తగ్గుతుంది. అడాప్టివ్ పద్ధతిలో పెంచిన వోల్టేజీ టర్బో వేగాలకు (లోడ్‌ను బట్టి ప్రాసెసర్ తానే అందుకునే పై వేగాలకు) మాత్రమే వర్తించి, కింది వేగాల్లో కర్మాగార విలువలే కొనసాగుతాయి.

నాలుగో పద్ధతి వేగం, వోల్టేజీల మధ్య ఉండే వక్రరేఖనే జరపడం. రైజెన్ 5000 శ్రేణితో ఏఎమ్‌డీ తెచ్చిన కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో కోర్‌కు విడిగా ఈ జరుపుడు ఇవ్వవచ్చు. ఒకే చిప్‌లో మంచి కోర్, బలహీనమైన కోర్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకే వోల్టేజీ ఇవ్వడం కంటే ఇది మెరుగు. దీనికి ఓపిక కావాలి. ఒక్కో కోర్‌నూ విడిగా పరీక్షించాలి.

వీకోర్ కాక మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి వేరే వోల్టేజీ ఉంటుంది. ఇంటెల్ దాన్ని సిస్టమ్ ఏజెంట్ అనీ ఏఎమ్‌డీ ఎస్‌ఓసీ అనీ పిలుస్తాయి. ర్యామ్ వోల్టేజీ ప్రమాణం డీడీఆర్3కు 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1 వోల్టులు. ర్యామ్ వేగం పెంచి అమ్మే డీడీఆర్4 కిట్లు ఎక్కువగా 1.35 వోల్టులు కోరతాయి. ప్రాసెసర్ తప్పని తలచి వీకోర్ పెంచుతూ పోతున్నప్పుడు అసలు లోపం ర్యామ్‌లో ఉండడం చాలా మామూలు. అందుకే ప్రాసెసర్ సంగతి తేలేదాకా ర్యామ్‌ను ప్రమాణ వేగంలోనే ఉంచడం మంచిది.

సవరణ క్రమం

మొదట కర్మాగార స్థితిలో ఉష్ణోగ్రత, లోడ్ వోల్టేజీ రాసుకోవాలి. ఆపైన వోల్టేజీ మార్చకుండా గుణకాన్ని ఒక్కొక్కటి పెంచుతూ చిన్న పరీక్ష నడపాలి. పరీక్ష తప్పిన చోట వోల్టేజీని 0.01 నుంచి 0.025 వోల్టు పెంచి అదే వేగానికి మళ్లీ పరీక్షించాలి. ఒకసారికి ఒక్క విలువే మార్చాలి. రెండు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ఈ క్రమంలో ఖర్చు ఎలా పెరుగుతుందో ఒక ఊహా ప్రాసెసర్‌తో చూడవచ్చు. 4.0 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల దగ్గర అది 100 వాట్లు తీసుకుంటుందనుకుంటే, లీకేజీని పక్కన పెట్టి చేసిన లెక్క ఇది. 4.4 గిగాహెర్ట్జ్‌కు 1.25 వోల్టులు కావాల్సి వస్తే ఖర్చు 119 వాట్లు. 4.5కు 1.30 వోల్టులైతే 132 వాట్లు. 4.6కు 1.40 వోల్టులైతే 157 వాట్లు. చివరి అంచెలో దక్కిన వేగం 2 శాతానికి కొంచెం పైన. దానికి పెరిగిన వేడి 19 శాతం. ప్రతి చిప్‌కూ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటు గుర్తించి, దానికి ఒక అంచె కింద ఆగడమే సవరణలో నేర్పు. గరిష్ఠ వేగం వెతకడం కంటే, ఎంచుకున్న వేగానికి అతి తక్కువ వోల్టేజీ వెతకడానికే ఎక్కువ సమయం కేటాయించాలి.

బయోస్ విలువలు మరీ ఎక్కువై కంప్యూటర్ అసలు ఆన్ కాకపోతే, ప్లగ్గు తీసి మదర్‌బోర్డు మీది సీమాస్ క్లియర్ జంపర్‌ను కలపడం లేదా సీఆర్2032 బటన్ బ్యాటరీని కొంతసేపు తీసి ఉంచడం ద్వారా కర్మాగార విలువలు తిరిగి వస్తాయి.

పరీక్షలు, లోప లక్షణాలు

1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకు రాసిన ప్రైమ్95 ప్రోగ్రామ్ నిలకడ పరీక్షగా ప్రసిద్ధి చెందింది. అది చేసే లెక్కల ఫలితాలు ముందే తెలిసినవి. ఒక్క బిట్ తేడా వచ్చినా ఆ కోర్ పని ఆగిపోతుంది. లిన్‌ప్యాక్, ఓసీసీటీ, ఐడా64 కూడా వాడుకలో ఉన్నాయి. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86 ఉంది. ఒకే పరీక్షను నమ్మకూడదు. భారీ లోడ్ పరీక్ష తట్టుకున్న ప్రాసెసర్ తేలిక పనిలో, అన్నిటికంటే ఎక్కువ టర్బో వేగానికి ఒక్క కోర్ ఎగబాకిన క్షణంలో, క్రాష్ కావచ్చు.

విండోస్‌లో 0x124 సంఖ్యతో వచ్చే బ్లూ స్క్రీన్ హార్డ్‌వేర్ లోపాన్ని, 0x101 సంఖ్యతో వచ్చేది ఒక కోర్ సమయానికి జవాబివ్వకపోవడాన్ని సూచిస్తాయి. ఓవర్‌క్లాక్ చేసిన యంత్రంలో ఈ రెండూ తరచు వీకోర్ చాలకపోవడానికి గుర్తులు. వీటికంటే ముందే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ పేరుతో, సరిదిద్దిన లోపాల నమోదులు కనిపిస్తాయి. తెర మీద ఏమీ జరగకపోయినా ఆ నమోదులు ఉంటే నిలకడ లేదనే అర్థం.

అన్నిటికంటే ప్రమాదకరమైనది నిశ్శబ్దంగా జరిగే తప్పు. క్రాష్ కాదు, హెచ్చరిక రాదు. ఒక ఫైలు చెడుతుంది, ఒక లెక్క మారుతుంది. ఆటలో అది ఒక క్షణం తెర మీద మచ్చగా కనిపించి పోతుంది. పరిశోధనలో అలా పోదు. చంద్రగిరి, పాకాల మధ్య గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ నడిపే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఏర్పేడులోని తిరుపతి ఐఐటీ, ఐసర్ వంటి సంస్థల్లో సాగే రకం శాస్త్రీయ గణనలకు ఓవర్‌క్లాక్ చేసిన యంత్రం పనికిరాదు. అటువంటి పనికి వాడే సర్వర్లలో కర్మాగార వోల్టేజీలు, తప్పులు తానే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ఉండడం ఆనవాయితీ.

దక్షిణ రాయలసీమ పరిస్థితులు

ఉష్ణోగ్రత. తిరుపతిలో, చిత్తూరు తూర్పు మండలాల్లో ఏప్రిల్, మే నెలల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా ఉండేదే. కొండల ఆవల ఎత్తుగా ఉండే పలమనేరు, కుప్పం వంటి పడమటి మండలాలు వేసవిలోనూ కొంత చల్లగా ఉంటాయి. హీట్‌సింక్ ప్రాసెసర్‌ను గది గాలి కంటే చల్లబరచలేదు. అది చేయగలిగేది గది ఉష్ణోగ్రతకూ చిప్ ఉష్ణోగ్రతకూ మధ్య తేడాను అదుపులో ఉంచడమే. వాటర్ కూలర్ అయినా ఇంతే.

పై లెక్కలోని ప్రాసెసర్‌కు వాటుకు 0.35 డిగ్రీ పెరిగే కూలర్ ఉందనుకుంటే, 132 వాట్లకు తేడా 46 డిగ్రీలు, 157 వాట్లకు 55 డిగ్రీలు. జనవరిలో గది 24 డిగ్రీలుంటే చిప్ 70 లేదా 79 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండూ భేషుగ్గా సాగుతాయి. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 డిగ్రీలుంటే అవే విలువలు 84, 93 అవుతాయి. పెరిగిన వేడికి లీకేజీ కూడా కలుస్తుంది కాబట్టి నిజంగా చూపే అంకెలు ఇంకా పైనే ఉంటాయి. జనవరిలో రాత్రంతా ప్రైమ్95 తట్టుకున్న 4.6 గిగాహెర్ట్జ్ అమరిక మేలో థ్రాట్లింగ్‌లో పడుతుంది, లేదా క్రాష్ అవుతుంది. ఈ ప్రాంతంలో చివరి పరీక్షను వేసవి మధ్యాహ్నం, క్యాబినెట్ మూత వేసి, ఏసీ ఆపి చేయాలి. శీతాకాలంలో సవరించాల్సి వస్తే వేసవి తేడాకు సరిపడా డిగ్రీలు ముందే విడిచిపెట్టాలి. దుమ్ము హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటే వాటుకు పెరిగే డిగ్రీలు ఎక్కువవుతాయి. వేసవికి ముందు ఒకసారి హీట్‌సింక్ దులపడం, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చడం వోల్టేజీ సవరణలో భాగంగానే లెక్కించాలి.

విద్యుత్ సరఫరా. ఆంధ్రప్రదేశ్ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఇళ్లకు అందే సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు లో టెన్షన్ సరఫరాలో 6 శాతం హెచ్చుతగ్గులను అనుమతించాయి. అంటే సుమారు 216 నుంచి 244 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో, బోరు మోటార్లు ఆడే వేళల్లో లో వోల్టేజీ సమస్య తెలిసినదే. కంప్యూటర్ క్రాష్ అయితే నేరం ఈ లో వోల్టేజీ మీద వేయడం పరిపాటి. నిజానికి మంచి ఎస్‌ఎంపీఎస్‌లు 100 నుంచి 240 వోల్టుల వరకు దేన్నైనా తీసుకుని, 12 వోల్టుల లైనును 5 శాతం తేడాలోపు, అంటే 11.4 నుంచి 12.6 మధ్య నిలుపుతాయి. గోడ వోల్టేజీ 200కు పడినంత మాత్రాన వీకోర్ పడదు.

సమస్య వచ్చేది కరెంటు పోయి యూపీఎస్ మీదికి మారే క్షణంలో. 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక ఆవృత్తికి పట్టేది 20 మిల్లీసెకండ్లు. ఏటీఎక్స్ మార్గదర్శకాలు ఎస్‌ఎంపీఎస్ సుమారు 17 మిల్లీసెకండ్ల పాటు సరఫరా లేకపోయినా నిలదొక్కుకోవాలని కోరతాయి. ఇళ్లలో వాడే ఆఫ్‌లైన్ యూపీఎస్‌లు మారడానికి సాధారణంగా 4 నుంచి 10 మిల్లీసెకండ్లు తీసుకుంటాయి. కాగితం మీద ఇది సరిపోతుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్ చిన్నదై, ఓవర్‌క్లాక్ వల్ల లోడ్ పెరిగి ఉంటే సరిపోదు. యంత్రం రీస్టార్ట్ అవుతుంది. 600 వీఏ యూపీఎస్ నిజంగా మోసేది సుమారు 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డుతో పాటు ప్రాసెసర్ వేగాన్ని కూడా పెంచిన కంప్యూటర్‌కు అది చాలదు. ఇటువంటి రీస్టార్ట్‌కు వీకోర్ పెంచడం మందు కాదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే రీస్టార్ట్ అవుతుంటే లోపం యూపీఎస్‌లోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉంది. కరెంటు ఉండగా, లోడ్‌లో క్రాష్ అవుతుంటే వోల్టేజీ సవరణలో ఉంది. యూపీఎస్ బ్యాటరీలకు మాత్రం ఈ ప్రాంతానికి కొరత లేదు. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడిలో వాటిని తయారు చేస్తోంది.

విడిభాగాలు. గుణకం మార్చగల ప్రాసెసర్, దృఢమైన రెగ్యులేటర్ ఉన్న మదర్‌బోర్డు, పెద్ద టవర్ కూలర్ స్థానిక దుకాణాల్లో దొరకనప్పుడు తిరుపతి, చిత్తూరు కొనుగోలుదారులకు దగ్గరగా ఉన్న పెద్ద బజార్లు చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు. బడ్జెట్ పరిమితమైతే ప్రాసెసర్‌లో ఒక స్థాయి తగ్గి, ఆ మిగులును కూలర్, ఎస్‌ఎంపీఎస్‌ల మీద పెట్టడం ఈ వాతావరణంలో ఎక్కువ ఫలితమిస్తుంది.

ప్రమాదాలు, క్షీణత

ఎక్కువ వోల్టేజీ ప్రాసెసర్‌ను ఒక్కసారిగా కాల్చడం అరుదు. ఎక్కువగా జరిగేది నెమ్మదైన క్షీణత. కరెంటు సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగినప్పుడు లోహపు తీగల్లోని అణువులు ఎలక్ట్రాన్ల తాకిడికి స్థానం మారతాయి. ఎలక్ట్రోమైగ్రేషన్ అనే ఈ ప్రక్రియలో తీగ ఆయుష్షును లెక్కగట్టే సమీకరణాన్ని జేమ్స్ బ్లాక్ 1969లో ఇచ్చారు. దీనితో పాటు ట్రాన్సిస్టర్ గేటు కింది పలుచని పొర బలహీనపడి, ప్రారంభ వోల్టేజీ పెరుగుతుంది. ఫలితంగా మొదట 1.30 వోల్టులకు నిలిచిన వేగానికి కొంతకాలం తరువాత 1.32, ఆపైన 1.35 కావాల్సి వస్తుంది. అమరిక ఏమీ మార్చకుండానే నిలకడ చెడితే, దుమ్ము, పేస్టు సరిచూశాక అనుమానించాల్సింది దీన్నే.

ఇందుకు నమోదైన ఉదాహరణలు ఉన్నాయి. 2000ల తొలి సంవత్సరాల్లో పెంటియమ్ 4 నార్త్‌వుడ్ ప్రాసెసర్లను 1.7 వోల్టులు దాటించినవారిలో కొందరికి అవి కొద్ది వారాల్లో, నెలల్లో పనిచేయడం మానేశాయి. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయిన సంఘటనల తరువాత ఏఎమ్‌డీ ఎస్‌ఓసీ వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు విధించే బయోస్ మార్పును ఇచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఓవర్‌క్లాక్ చేయకున్నా నిలకడ చెడింది. మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ కోరడం ఇందుకు కారణమని ఆ సంస్థ జులైలో ప్రకటించి, ఆగస్టులో 1.55 వోల్టులు దాటిన కోరికలను అడ్డుకునే మైక్రోకోడ్‌ను విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే క్షీణించిన చిప్‌లను ఆ మార్పు బాగు చేయలేదు. ఈ ప్రాసెసర్లు ఉన్నవారు ఏ సవరణకైనా ముందు బయోస్‌ను అప్‌డేట్ చేసుకోవాలి.

మదర్‌బోర్డు ఆటో వోల్టేజీని నమ్మి వేగం పెంచడం మరో ప్రమాదం. క్రాష్ రాకూడదన్న జాగ్రత్తతో చాలా బోర్డులు అవసరానికి మించి వోల్టేజీ ఇస్తాయి. విలువను స్వయంగా నిర్ణయించి, లోడ్‌లో కొలిచి చూడడమే భద్రం. ప్రకటిత వేగానికి మించి నడపడం వల్ల కలిగే నష్టం సాధారణంగా వారంటీ కిందికి రాదు. ఇంటెల్ ఇందుకు 2012 నుంచి అమ్మిన ప్రత్యేక రక్షణ పథకాన్ని 2021లో ఆపేసింది.

అండర్‌వోల్టింగ్

వేగాన్ని అలాగే ఉంచి లేదా స్వల్పంగా పెంచి వోల్టేజీని తగ్గించడం అండర్‌వోల్టింగ్. తయారీదారులు అతి బలహీనమైన చిప్ కూడా అతి కఠిన పరిస్థితిలో నిలిచేలా వోల్టేజీ నిర్ణయిస్తారు కాబట్టి సగటు చిప్‌లో కొంత మిగులు ఉంటుంది. ఖర్చు వోల్టేజీ వర్గంతో మారుతుంది, 1.25 నుంచి 1.15కు దించితే 15 శాతం వేడి తగ్గుతుంది. వేడి వల్లే వేగం తగ్గించుకుంటున్న యంత్రంలో ఇది వేగాన్ని పెంచుతుంది కూడా. ఆంధ్రప్రదేశ్‌లోని కొవ్వూరుకు చెందిన రాజా కోడూరి సారథ్యం వహించిన ఏఎమ్‌డీ రేడియాన్ విభాగం 2017లో విడుదల చేసిన వేగా గ్రాఫిక్స్ కార్డులను వినియోగదారులు ఈ పద్ధతిలోనే ఎక్కువగా సవరించుకున్నారు. ఏసీ లేని గదుల్లో నడిచే కంప్యూటర్లకు, ల్యాప్‌టాప్‌లకు ఓవర్‌క్లాకింగ్ కంటే ఇదే ఎక్కువ ఉపయోగకరం.

నిలకడ పరీక్షలు దీనికీ అవే. నష్టం లేదన్న ధీమాతో పరీక్షలు వదిలేయకూడదు; వోల్టేజీ తగ్గి పుట్టే నిశ్శబ్ద తప్పులు పెరిగి పుట్టే వేడికంటే తక్కువ హానికరం కావు. 2019 డిసెంబరులో వెల్లడైన ప్లండర్‌వోల్ట్ దాడి దీన్నే ఆయుధంగా వాడింది. సాఫ్ట్‌వేర్ నుంచి వోల్టేజీని క్షణకాలం తగ్గించి, ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఎస్‌జీఎక్స్ రక్షిత భాగంలో లెక్క తప్పేలా చేసి, ఆ తప్పు ఫలితాల నుంచి రహస్య సంకేతాలను రాబట్టవచ్చని పరిశోధకులు చూపారు. ఆ తరువాత చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్ అప్‌డేట్లలో సాఫ్ట్‌వేర్ ద్వారా వోల్టేజీ మార్చే వీలును మూసేశారు. అటువంటి యంత్రాల్లో వేడి తగ్గించడానికి మిగిలిన దారి వాట్ల పరిమితిని దించడం.